పెరిగే గోరు, పెరగని గోరు

హిందూపురం నుంచి ఒక సోదరి ఇలా రాశారు: "డాక్టరుగారూ! మా అమ్మాయి పెళ్ళికి ముందు బెంగళూరు వెళ్ళి అక్రిలిక్ గోళ్ళు పెట్టించుకుంది. లేత గులాబి రంగు గోరు, చివర తెల్లని అంచు. ఫ్రెంచి పద్ధతి అంటారట. చూడముచ్చటగానే ఉన్నాయి. మూడు వారాలయ్యేసరికి గోటి మొదట్లో సందు కనిపిస్తోంది. తెల్ల అంచు ముందుకు జరిగిపోయింది. రెండు గోళ్ళు పక్కన లేస్తున్నాయి. మళ్ళీ బెంగళూరు పోవాలంటే ఒక రోజు పోతుంది, బోలెడు డబ్బు. ఇంట్లోనే గమ్ము పెట్టి అతికించుకుంటానంటోంది. అతికించవచ్చా? లేక పీకేస్తే సరిపోతుందా?"

ముందు జవాబు చెప్పి, కారణాలు తరువాత చెబుతాను. గమ్ము పెట్టి అతికించకూడదు. పీకనూ కూడదు. ఈ రెండూ గుర్తుంచుకుంటే సగం ప్రమాదం తప్పినట్లే.

పదిహేనేళ్ళ క్రితం ఈ ఉత్తరం వచ్చి ఉంటే, ఇది సినిమా తారల గొడవ, మనకెందుకని పక్కన పెట్టేవాణ్ణేమో. ఇప్పుడు ఆ వీలు లేదు. పెనుకొండలోనూ, హిందూపురంలోనూ పనిచేసి ఇప్పుడు ధర్మవరంలో ఉన్నాను. మూడు ఊళ్ళూ బెంగళూరు రైలు దారిలోనివే. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. అక్కడి ఫాషను ఇక్కడికి రావడానికి ఒక పెళ్ళి సీజను చాలు. పెళ్ళిళ్ళు ముగిసిన నెల రోజులకు ఆ గోళ్ళు మా ఓపీకి వస్తాయి.

అసలు గోరంటే ఏమిటో చూద్దాం. గోటికి ప్రాణం లేదు. వెంట్రుకలాగే కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైన గట్టి పలక అది. అందుకే కత్తిరించినా నొప్పి తెలియదు. కాని గోరు పుట్టే చోటుకు ప్రాణముంది. అది గోటి మొదట్లో, చర్మం కింద దాగి ఉంటుంది. బొటనవేలి మీద తెల్లగా నెలవంకలా కనిపించేది దాని కొస. అక్కడ కొత్త గోరు పుడుతూ పాతదాన్ని ముందుకు నెడుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి చివరికి చేరడానికి దాదాపు 6 నెలలు పడుతుంది. కాలి గోరు ఇంకా బద్ధకస్తురాలు. ఏడాది, ఏడాదిన్నర తీసుకుంటుంది.

ఈ లెక్క ఊహించి చెప్పినది కాదు. విలియం బీన్ అనే అమెరికన్ వైద్యుడు ప్రతి నెలా తన బొటనవేలి గోటి మొదట్లో ఆకురాయితో చిన్న గీత గీసి, అది చివరికి ఎన్నాళ్ళకు చేరుతుందో 35 ఏళ్ళపాటు రాసుకుంటూ వచ్చాడు. 1980లో ఆ వివరాలు ప్రచురించాడు. 32 ఏళ్ళ వయసులో రోజుకు 0.123 మిల్లీమీటరు పెరిగిన గోరు, 67 ఏళ్ళు వచ్చేసరికి 0.095కు తగ్గింది. ఇంతటి ఓపిక నాకైతే లేదు. కాని ఆయన పుణ్యమా అని, కోడలి గోరు అత్తగారి గోటికంటే ముందే ఎందుకు సందు చూపుతుందో మనకు తెలిసింది.

ఇక పెట్టుడు గోటి సంగతి. ఒక ద్రవం, ఒక పొడి కలిపి ముద్ద చేసి, గోటి మీద పరిచి ఆరనిస్తారు. అది రాయిలా గట్టిపడుతుంది. పెట్టుడు పళ్ళ చిగుళ్ళు తయారుచేసే పదార్థానికి ఇది దగ్గరి చుట్టం. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ స్లాక్ అనే దంతవైద్యుడు తన గోరు విరిగితే, పళ్ళ కోసం వాడే అక్రిలిక్‌నే దాని మీద వేసి చూశాడట. ఈ కళకు మూలం అదేనంటారు. ఇక "ఫ్రెంచి" అనే పేరు చూసి మోసపోకండి. తెల్ల అంచు పద్ధతిని 1970ల మధ్యలో ప్రచారంలోకి తెచ్చినవాడు జెఫ్ పింక్ అనే అమెరికా వ్యాపారి. షూటింగులో తారలు చీర మార్చినప్పుడల్లా గోటి రంగు మార్చే శ్రమ లేకుండా, అన్నిటికీ నప్పే రంగు కావాలన్నారట. చీర అన్నది నా మాట లెండి, వాళ్ళది గౌను!

కింద ఉన్న గోరు పెరుగుతుంది. పైన వేసిన పూత పెరగదు. గోటితోపాటు ముందుకు జరుగుతుంది, అంతే. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు వారాలకు ఒకటిన్నర, మూడు వారాలకు రెండు మిల్లీమీటర్ల సందు పడుతుంది. అందం పోయిందని అమ్మాయిలు బాధపడేది దీనికే. నా బాధ వేరు. పెట్టేటప్పుడు గోరు మధ్యలో కొంచెం ఎత్తుగా, దిట్టంగా పూత వేస్తారు. గోరు వేలిని విడిచి బయటికి వచ్చే చోట బరువు ఆగడానికి ఆ ఎత్తు. నెల గడిచేసరికి ఆ ఎత్తు ముందుకు వెళ్ళిపోతుంది. బలం ఉండవలసిన చోట పల్చన, పల్చన ఉండవలసిన చోట బరువు. పైగా గోరు పొడుగైంది. బిందె ఎత్తేటప్పుడో, బీరువా తలుపు లాగేటప్పుడో కొస తగిలిందంటే ఏమవుతుంది? మన సీమలో గడారి కొస బండ కింద పెట్టి రెండో చివర నొక్కితే ఏమవుతుంది? అదే. పూత గట్టిది కనుక విరగదు. కింది గోరు మెత్తని చర్మం నుంచి లేచి వస్తుంది.

అందుకని ఈ గోళ్ళు పెట్టించుకున్నవారు రెండు మూడు వారాలకొకసారి మొదట్లోని సందు నింపించుకోవాలి. దీన్ని పార్లర్లలో రీఫిల్లింగ్ అంటారు. తెల్ల అంచు ఉన్న గోళ్ళకు అది ఒక్కటే చాలదు. సందు నింపినా అంచు ముందుకు పోయే ఉంటుంది. దాని వెనక గులాబి పూత కింద వేలు ఉండదు, ఖాళీయే. అక్కడ మట్టి నల్లగా కనిపిస్తుంది. కనుక నాలుగైదు వారాలకొకసారి ఆ తెలుపును రాసివేసి, వేలి కొసకు సరిగ్గా మళ్ళీ వేయాలి, పొడుగు తగ్గించాలి, ఎత్తును వెనక్కు తేవాలి. ఇంత చేయించగలిగితేనే ఈ గోళ్ళు. "పెళ్ళికి ఒక్కసారేగా" అనుకునేవారు పెట్టించుకున్న రోజునే తీయించుకునే రోజు కూడా నిర్ణయించుకోవాలి. రానూపోనూ ఖర్చు లెక్క వేసేటప్పుడు ఈ రెండో ప్రయాణం ఖర్చు ఎవరూ వేయడం లేదు.

ధర్మవరం అంటే పట్టుచీరలు. ఒకరోజు మగ్గాల ఇంటి అత్తగారు కొత్తకోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయి కుడిచేతి బొటనవేలు కొంగులో దాచుకుంది.

"చూడండి సార్, గోరంతా ఆకుపచ్చగ అయిపోయింది. విషమేమన్నా ఎక్కిందా? వేలు తీసేయాల్నా?" అంది పెద్దావిడ.

"నొప్పి ఉందామ్మా?" అని అమ్మాయిని అడిగాను.

"లేదు సార్. మగ్గం కాడ కూర్చుంటే పట్టుపోగు గోటికి తగులుకుంటాంది. అందుకని గమ్ము పెట్టినా" అంది.

ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టింది. జరిగిందేమంటే, పూత పక్కన లేచింది. ఆ సందులోకి అంట్లు తోమే నీళ్ళు, బట్టలుతికే నీళ్ళు చేరాయి. పైనుంచి గమ్ము పెట్టి మూత వేసింది. లోపల తడి, వెచ్చదనం, చీకటి. సూడోమోనాస్ అనే సూక్ష్మజీవికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు. అది వదిలే రంగే ఆ ఆకుపచ్చ. చూడటానికి భయం వేస్తుందిగాని విషమూ కాదు, వేలు తీయవలసిన పనీ లేదు. పూత తీసివేశాము. గోరు ఎంతవరకు చర్మాన్ని విడిచి లేచి ఉందో అంతవరకు కత్తిరించాము. ఒక పాలు తెల్ల వినిగరుకు నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి రోజుకు రెండుసార్లు, పది నిమిషాల చొప్పున వేలు ముంచి, పొడి గుడ్డతో బాగా తుడిచి ఆరనివ్వమన్నాను. మిగతా సమయంలో వేలు తడవకుండా చూసుకోవాలి. సూక్ష్మజీవి కొద్దివారాల్లో పోయింది. ఆకుపచ్చ మరక మాత్రం గోరు పెరిగి బయటికి పోయేదాకా, దాదాపు నాలుగు నెలలు, ఉంది. ఆ నాలుగు నెలలూ ఆ అమ్మాయి కుడి బొటనవేలితో సన్నని పోగు పట్టలేకపోయింది. తెగిన పోగు అతికేటప్పుడు గోరు ఎంత అవసరమో నేతపని వారికి చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో కూలి లెక్క వారం వారం వేసుకుంటారు. ఆ నాలుగు నెలల నష్టం ముందు పార్లరుకు ఇచ్చిన డబ్బు ఒక లెక్కలోది కాదు.

మా దగ్గరికి రాకముందు ఇంట్లో నిమ్మకాయకు చిల్లు పెట్టి వేలికి తొడిగారట. గోరుచుట్టుకు మన పెద్దలు చేసే వైద్యం అది. చల్లగా, హాయిగా ఉంటుందేమోగాని లోపల పట్టిన చీమును నిమ్మకాయ బయటికి తీయలేదు. గోటి పక్కన ఎర్రగా వాచి, రాత్రి నిద్ర పట్టకుండా సలుపుతూంటే అది చీము పట్టిన గుర్తు. ఆసుపత్రికి వస్తే చిన్న గాటుతో అయిపోతుంది. మధుమేహం ఉన్నవారు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. వారికి ఈ పెట్టుడు గోళ్ళే వద్దని నా సలహా. సోరియాసిస్ ఉన్నవారికి, గోటికి ఇదివరకే పుప్పి పట్టినవారికి కూడా వద్దు.

గమ్ము మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. క్షణంలో అతుక్కునే ఈ గమ్ము నూలుగుడ్డ మీద గాని, దూది మీద గాని పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది. వేలి మీద ఒలికిందని కొంగుతో తుడిచి బొబ్బలెక్కించుకున్నవారు ఉన్నారు. ఒలికితే గుడ్డ తగలనివ్వకుండా నీళ్ళు ధారగా పోయండి.

ఇప్పుడు తీసే పద్ధతి. పార్లరులో తీయించుకోవడమే మేలు. దూరమైతే ఇంట్లోనూ తీయవచ్చు, తొందరపడకూడదు. మందుల షాపులో అసిటోన్ అడగండి. రంగు చెరిపే మందుల్లో కొన్నిటి సీసా మీద అసిటోన్ లేదని రాసి ఉంటుంది. వాటితో ఈ పూత కరగదు. ముందు గోరు పొడుగు కత్తిరించండి. పైనున్న నునుపు పోయేదాకా ఆకురాయితో మెల్లగా రాయండి. సొంత గోరు తగిలేదాకా రాయకూడదు. చుట్టూ చర్మానికి వాసలిన్ పట్టించి, అసిటోన్‌లో తడిపిన దూది గోటి మీద పెట్టి, అల్యూమినియం రేకు చుట్టి అరగంట ఉంచండి. అప్పుడు పూత జిగురుగా మెత్తబడుతుంది. కొయ్యపుల్లతో మెల్లగా తోస్తే వచ్చేంత వస్తుంది. రాకపోతే మళ్ళీ దూది పెట్టండి. రెండుసార్లు, మూడుసార్లు పెట్టవలసి రావచ్చు. చాకుమొన, పిన్నీసు, పళ్ళు వాడకండి. నూటికి తొంభైమంది వాడేది పళ్ళే! లాగితే పూతతోపాటు సొంత గోటి పొరలు కూడా ఊడి వస్తాయి. ఆ పొరలు మళ్ళీ అతకవు. కొత్త గోరు రావాలి, అంటే మళ్ళీ ఆరు నెలల మాట.

అసిటోన్ పెట్రోలులా అంటుకుంటుంది. వంటింట్లో ఆ పని పెట్టుకోవద్దు. దేవుడి గదిలో దీపం, ఊదుబత్తి, కరెంటు పోతే కొవ్వొత్తి, ఇవేవీ దగ్గర ఉండకూడదు. త్వరగా కరుగుతుందని అసిటోన్‌ను వేడి చేయడం ప్రాణాంతకం. కిటికీలు తీసి, పిల్లలను దూరంగా ఉంచి చేసుకోండి.

ఎంతసేపు నానబెట్టినా కరగకపోతే ఒక అనుమానం పడాలి. పూతలో వాడే ద్రవాల్లో మిథైల్ మెథాక్రిలేట్ అని ఒకటుంది. చవక. అమితమైన గట్టితనం, ముక్కు బద్దలయ్యే వాసన, అసిటోన్‌కు లొంగని మొండితనం దాని గుర్తులు. గోళ్ళు దెబ్బతిన్నాయని, చర్మం వాచిందని ఫిర్యాదులు వచ్చిన మీదట 1970ల మొదట్లోనే అమెరికా ఆహార, ఔషధాల శాఖ ఇటువంటి సరుకుపై కోర్టుకెక్కి చర్య తీసుకుంది. ఇప్పుడు మంచి పార్లర్లు వాడేది ఇథైల్ మెథాక్రిలేట్. ఏది వాడుతున్నారని అడిగే హక్కు మీకుంది. సీసా చూపించమనండి. చూపించకపోతే లేచి రండి.

పెనుకొండలో నేను చూసిన కేసు దీనికంటే బాధాకరమైనది. ఆ అమ్మాయి గోళ్ళు పెట్టించుకున్నది కాదు, పెట్టేది. బెంగళూరులో నేర్చుకుని, అప్పు చేసి చిన్న గది తీసుకుని పార్లరు పెట్టింది. ఏడాది తిరక్కుండా వేళ్ళ కొసలు పగిలి తోలు లేవడం మొదలైంది. తరువాత కనురెప్పలు ఉబ్బాయి. కంటి వైద్యుడి దగ్గరికి రెండుసార్లు వెళ్ళింది. చుక్కల మందుతో తగ్గలేదు. వేళ్ళకూ కనురెప్పలకూ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? గట్టిపడని అక్రిలిక్ చర్మానికి తగిలితే కొందరికి పడదు. ఆ వేళ్ళతో ముఖం తాకితే, పల్చని చర్మం కనుక కనురెప్పలు, మెడ ముందు వాస్తాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే సాధారణంగా జన్మంతా ఉంటుంది. పెద్దయిన తరువాత పళ్ళలో సిమెంటు నింపించుకోవలసి వచ్చినా, తుంటి కీలు మార్పిడి చేయించుకోవలసి వచ్చినా, అక్కడ వాడేవీ ఈ జాతి పదార్థాలే. అప్పుడు వైద్యుడికి ఈ సంగతి ముందే చెప్పాలి.

రబ్బరు గ్లవ్సు వేసుకుంటున్నానంది ఆ అమ్మాయి. మామూలు రబ్బరు గ్లవ్సులోనుంచి ఈ ద్రవం నిమిషాల్లో దిగిపోతుంది. నైట్రైల్ గ్లవ్సు కొంత నయం. రెండు జతలు తొడిగి, తరచు మార్చాలి. గదిలో గాలి ఆడాలి. రాసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది. ఆమెకు మాత్రం ఇవేవీ సరిపోలేదు. ఆ పని మానమని చెప్పక తప్పలేదు. "అప్పు ఎట్ల తీర్చాల సార్?" అంది. మందుచీటీలో రాసివ్వగల జవాబు నా దగ్గర లేదు. ఇప్పుడు అదే గదిలో జాకెట్లు కుడుతోంది.

ఇంట్లో అమ్మాయిలు పార్లరుకు వెళ్ళేటప్పుడు కూడా ఈ జాగ్రత్త చెప్పండి. ద్రవం చర్మానికి అంటకుండా పెట్టాలి. దురద పుట్టినా, మంట పుట్టినా "మొదట్లో అలాగే ఉంటుంది" అన్న మాట నమ్మకూడదు. గోటి మొదట్లో అంటుకుని ఉండే సన్నని చర్మపు పొరను కత్తిరించనివ్వకండి. నీళ్ళు, సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అది కాపలా. నెత్తురు కళ్ళజూసే పనిముట్లు ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడాలంటే ఆవిరి యంత్రంలో శుభ్రం చేయాలి. నీలి దీపం పెట్టెలో పెట్టినంత మాత్రాన చాలదు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి క్రిమి ఎండిన నెత్తుటి మరకలో కూడా రోజుల తరబడి బతికి ఉంటుంది.

కాన్పు దగ్గర పడినవారు, ఆపరేషనుకు వచ్చేవారు ఈ గోళ్ళు తీయించుకుని రండి. అన్నీ తీయడానికి వీలుకాకపోతే చేతికొకటైనా తీయించండి. వేలికి క్లిప్పు తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూస్తాము. పెట్టుడు గోరు, ముఖ్యంగా ముదురు రంగుది, ఆ అంకెను ఒక్కొక్కసారి తప్పు చూపించవచ్చు. అదీగాక, గోరు మాకు ఒక కిటికీ. పాలిపోయిందా, నీలి రంగు తిరిగిందా, చెంచాలా గుంట పడిందా అని చూస్తాము. గుంట పడితే రక్తహీనత అనుమానిస్తాము. మన ప్రాంతపు ఆడవారిలో రక్తహీనత తక్కువేమీ కాదు. నర్సు చదువుకునే అమ్మాయిలకైతే వేరే చెప్పనక్కరలేదు. రోగిని తాకేవారు పెట్టుడు గోళ్ళు పెట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఎంత కడిగినా వాటి కింద సూక్ష్మజీవులు మిగులుతాయి. రాగిసంగటి ముద్ద చేత్తో కలిపి బిడ్డ నోట్లో పెట్టే తల్లికీ ఇదే మాట వర్తిస్తుంది.

తీసిన తరువాత గోళ్ళు పల్చగా, వంగేటట్లు ఉంటాయి. కంగారు పడకండి. పొట్టిగా కత్తిరించుకోండి. అంట్లు తోమేటప్పుడు గ్లవ్సు వేసుకోండి. రాత్రి పడుకునేముందు కొబ్బరినూనె గాని, వాసలిన్ గాని రాయండి. వేరుశనగ పండే సీమ మనది. ఆ నూనె రాసినా తప్పులేదు. గోళ్ళ కోసమని బయోటిన్ మాత్రలు, కాల్షియం మాత్రలు కొని మింగనక్కరలేదు. గోటి మీద తెల్లచుక్కలు కాల్షియం లోటు కాదు, ఎప్పుడో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోరు రంగు మారిందని పుప్పిగోరు మాత్రలు సొంతంగా వాడవద్దు. గోటి పొడి పరీక్ష చేయించి, నిజంగా బూజు ఉందని తేలాకే అవి వాడాలి.

హిందూపురం సోదరికి: మీ అమ్మాయి గోళ్ళలో లేచిన రెండూ ఈవారమే పైన చెప్పినట్లు తీసివేయండి. మిగిలినవాటిని పొట్టిగా కత్తిరించి, రెండు వారాల్లోగా అవీ తీయించండి. తీసినచోట గోరు ఆకుపచ్చగా, పసుపుగా కనిపించినా, చుట్టూ వాచినా హిందూపురం ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. రెండో చెల్లెలి పెళ్ళికి మళ్ళీ పెట్టించుకోవచ్చా అని ఉత్తరం చివర అడిగారు. పెళ్ళి ఆరు నెలల తరువాతైతే, గోళ్ళు పూర్తిగా కొత్తవి వచ్చి ఉంటే, పెట్టించుకోవచ్చు. ఈ లోపల గోరింటాకు పెట్టుకోనివ్వండి. చెట్టు నుంచి కోసి రుబ్బినదే సుమా, నిమిషాల్లో నల్లగా పండే కోను కాదు.